కుప్పం బస్సెక్కిన చాక్లెట్ డబ్బా

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఒక్క రోజులో వెళ్లి రావచ్చా అని అడిగేవాళ్లకు ముందే చెప్తాను: రావచ్చు. రోడ్డు బాగుంది, కారులో ఆగుతూ పోయినా నాలుగు గంటల ప్రయాణం. నేను ఆ దారిన పోయింది శివరాత్రి వెళ్లిన వారంలో, చాక్లెట్ గురించి రాద్దామని. వరదలకూ రైలు ప్రమాదాలకూ విలేఖరిగా చాలాసార్లు వెళ్లాను. అక్కడికి మేం చేరేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ఇంకా జరగనిదాని వెంట, అది జరుగుతుందో లేదో తెలియకుండా గంటల తరబడి కారులో కూర్చోవడం మాత్రం నాకు అదే మొదటిసారి.

మొదలైంది తిరుపతిలో, మా వీధి చివరి అంగట్లో. ఒక చాక్లెట్ కొని వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. కోకో వెన్న అని ఉండాల్సిన చోట వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంది. ఇంకో రెండు రకాలు తీసి చూశాను. ఒకదాని మీద రెండూ ఉన్నాయి, ఇంకోదాని మీద కోకో వెన్న ఊసే లేదు. కోకో గింజలో దాదాపు సగం కొవ్వే. గింజను వేయించి, పొట్టు తీసి, నూరి, ఒత్తితే లేత పసుపు రంగు కొవ్వు దిగుతుంది. దాన్నే కోకో వెన్న అంటారు. పేరుకే వెన్న, పాలతో దానికి ఏ సంబంధమూ లేదు. ఖరీదైనది కాబట్టి చవక రకాల్లో దాని బదులు పామాయిల్ లాంటివి గడ్డకట్టించి వాడతారు. కోకో వెన్న తప్ప వేరే కొవ్వు ముట్టుకోకుండా చాక్లెట్ చేసే శైలజ అనే ఆవిడ ఒకరు మదనపల్లెలో ఉన్నారని ఒక మిత్రుడు చెప్పాడు. ఫోన్ చేస్తే, "రండి సార్, చేసేది చూద్దురు. మా అత్త అచ్చులు పోసేది పుంగనూరులో, అదీ చూద్దురు" అన్నారు. పుంగనూరు దాకా పోయాక కుప్పం కూడా చూసి రావచ్చని నేను లెక్క వేసుకున్నాను.

ముందు రోజు సాయంత్రమే మదనపల్లె చేరాను. బస్టాండు దగ్గర లాడ్జి గది ఎనిమిది వందలు. మర్నాటికి కారు మాట్లాడుకున్నాను, డీజిల్‌తో కలిపి మూడు వేల అయిదు వందలు. డ్రైవరు చంద్రప్పకు యాభై ఏళ్లుంటాయి. తంబళ్లపల్లె వైపు మనిషి. బోర్లలో నీళ్లు పోయాక చెనిక్కాయ సాగు వదిలేసి స్టీరింగు పట్టానని చెప్పాడు. చాక్లెట్ చూడ్డానికి పోతున్నామంటే నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"టమోటా రాసేదానికి వస్తారు సార్ ఈడికి. చాక్లెట్టుకు వచ్చిండేది మీరొక్కరే."

శైలజ పని గది కురబలకోట రోడ్డులో, ఇంటి వెనక రేకుల షెడ్డు. ఆమెకు నలభై లోపే ఉంటాయి. ఇదివరకు స్కూల్లో సైన్సు చెప్పేవారు. గోదావరి వైపు కొబ్బరి తోటల్లో కోకో పండుతుంది, గింజలు అక్కడి నుంచి తెప్పిస్తారు. రాతి రోళ్ల గ్రైండరు ఒకటి రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. అందులో కోకో, చక్కెర, కోకో వెన్న, అంతే. పాలపొడి కూడా వేయరు. నాకు రెండు ముక్కలు ఇచ్చారు. ఒకటి నేను అంగట్లో కొని తెచ్చిన చవక రకం, రెండోది ఆవిడది.

"తినొద్దు సార్, ముందు విరవండి. చెవి దగ్గర పెట్టుకొని."

చవకది చప్పుడు లేకుండా తెగింది. ఆవిడది టప్‌మని విరిగింది, అంచు పలకలా తేరింది. కోకో వెన్నను సరైన వేడికి తెచ్చి, చల్లార్చి, మళ్లీ కొంచెం వేడి చేస్తే దాని స్ఫటికాలు ఒక పద్ధతిలో పేరుకుంటాయట. అప్పుడు గదిలో రాయిలా ఉంటుంది, నోట్లో కరిగిపోతుంది. ఒంటి వేడి కంటే కాస్త తక్కువలోనే కరగడం దాని గుణం. వేరే కొవ్వు కలిస్తే ఆ వరస చెదిరిపోతుంది. అప్పుడు చాక్లెట్ మెత్తబడుతుంది, వంగుతుంది, వేలిముద్ర పడుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పారు. కరిగిన చాక్లెట్ అచ్చుల్లోకి ధారగా జారాలంటే కోకో వెన్న తగినంత ఉండాలి, తగ్గితే ముద్దలా నిలబడిపోతుంది.

"కోకో వెన్న ధర ఇంత పెరిగాక మీరేమీ తగ్గించలేదా?" అని అడిగాను.

"క్వాలిటీ తగ్గించలేదు సార్" అన్నారు, గ్రైండరు మూత సర్దుతూ. నేను అడిగింది క్వాలిటీ గురించి కాదు. కానీ అప్పుడు రెట్టించలేదు.

గోడకు ఒక ఫోటో అతికించి ఉంది. ముందు పళ్లు రెండు ఊడిన పాప, నోటి చుట్టూ చాక్లెట్ పూసుకొని నవ్వుతోంది. కుప్పం పాప, పేరు మేఘన అని చెప్పారు శైలజ. ఎనిమిదేళ్లు. పాలు పడవు. మామూలుగా కడుపు నొప్పి వచ్చే రకం కాదు. నాలుగేళ్లప్పుడు పక్కింట్లో పాల బిస్కెట్టు ముక్క తింటే గొంతు వాచి ఊపిరి ఆగే దాకా వచ్చింది, వేలూరు తీసుకెళ్లి బతికించుకున్నారు. తల్లి సుజాత టీచరు. ఏడాది కిందట ఫోన్ చేసి, ఏమేం వేస్తారో పది ప్రశ్నలు అడిగి, ముందు తాను తిని, తర్వాత డాక్టరు ముందు కూర్చోబెట్టి పాపకు పెట్టి చూసుకున్నారట. ఆ పాప తినే చాక్లెట్ ఇదొక్కటే.

"ఈరోజు దాని పుట్టినరోజు సార్. క్లాసులో అందరికీ పంచడానికి పెద్ద డబ్బా ఆర్డరిచ్చినారు. ఇన్నాళ్లూ వేరే పిల్లలు పంచితే ఇది తినకుండా కూర్చునేది. ఈసారి తానే పంచి, తానూ తింటుందంట. డబ్బా పొద్దున ఫస్టు బస్సుకు పుంగనూరు నుంచి పోయుంటుంది."

శైలజ కూడా మా కారు ఎక్కారు. మదనపల్లె నుంచి పుంగనూరుకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, బస్సులు గంటగంటకూ ఉంటాయి. టమోటా లారీలు దాటుకుంటూ గంటలోపే చేరాం. చాక్లెట్ పలకలను పుంగనూరుకు పంపి అచ్చులు ఎందుకు పోయిస్తారని దారిలో అడిగాను. అత్తగారిది పాత మట్టి మిద్దె, ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుంది, ఏసీ కరెంటు మిగులుతుంది అన్నారు. పైగా కుప్పం, పలమనేరు వైపు బస్సులన్నీ వాళ్ల వీధి చివరే ఆగుతాయి. ఈ ప్రాంతంలో పార్సిల్ అంటే డ్రైవరు పక్కన ఇంజను మూత మీద పెట్టి, ఆయన చేతిలో ఇరవయ్యో ముప్పయ్యో పెట్టి, అవతలి మనిషికి ఫోన్ చేసి చెప్పడమే.

శైలజ అత్త రెడ్డెమ్మకు అరవై అయిదు దాటి ఉంటాయి. ఇంటి ముందు రెండు పుంగనూరు ఆవులు కట్టేసి ఉన్నాయి, ఒక్కొక్కటి నా నడుము ఎత్తు. ఆమె వాటిని పలకరించాకే మమ్మల్ని పలకరించింది.

"రాప్పా, కూసో. మా కోడలి నల్లమందు సూసేదానికి వచ్చినావా? సేదుగా ఉండాది, దీన్ని దుడ్డిచ్చి కొంటారంట."

"అందరూ కొంటారత్తా, నువ్వొక్కదానివే తినవు" అన్నారు శైలజ.

"తింటాండాను గదమ్మా. ఈతూరి బాగుండాది. నువ్వూ సూడు."

పళ్లెంలో నాలుగు ముక్కలు తెచ్చి పెట్టింది. కుప్పం డబ్బా నింపగా మిగిలినవట. పొద్దున నేర్చుకున్న పాఠం కదా, ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకొని విరిచాను. చప్పుడు రాలేదు. ముక్క వంగింది, వంగి సాగి తెగింది. నా బొటనవేలి ముద్ర దాని మీద స్పష్టంగా పడింది. నోట్లో వేసుకుంటే కమ్మగా ఉంది. మదనపల్లెలో తిన్నదానిలో ఆ కమ్మదనం లేదు.

"ఇది వంగుతోందేమమ్మా?" అని అడిగాను. అప్పటికి అది కుతూహలమే.

"పలక గట్టిగా ఉండింది నాయనా, కరిగించినా కారలే. అచ్చులో పోస్తే సంగటి మాదిరి నిలబడుకొనింది. కోడలు ఇచ్చిన కోకో ఎన్న రెండు ముక్కలే, అయిపోయింది. దానికి ఫోన్ సేస్తే ఎత్తలే. అందుకని మన నెయ్యి ఏసినా రెండు గరిటెలు. పుంగనూరావు నెయ్యి. ఎట్ల జారిందనుకున్యావు!"

శైలజ చేతిలోని ముక్కను పళ్లెంలో పెట్టేశారు.

"ఏ డబ్బాకు అత్తా?"

"అన్నీ ఒకే గిన్నెలో కరిగించిందే గదా."

"కుప్పం డబ్బాకు కూడానా?"

"యాల అట్ల సూస్తావు? పాలు ఎయ్యొద్దంటివి. పాలు ఏసింటే నన్నడుగు. నెయ్యిలో పాలు యాడుంటాయి?"

ఆ మాట అబద్ధమని ఆమెకు తెలియదు. మన ఇళ్లల్లో చాలామందికి తెలియదు. ఉపవాసానికీ పథ్యానికీ నెయ్యి వేరు, పాలు వేరు. కాచి వడకట్టినా పాలలోని మాంసకృత్తులు నేతిలో కొద్దిగా మిగులుతాయి. మామూలు మనిషికి అది లెక్కలోకే రాదు. బిస్కెట్టు ముక్కకే ఊపిరి ఆగిన పిల్లకు ఎంతైతే లెక్కలోకి వస్తుందో నాకు తెలియదు. శైలజకూ తెలియదు. ఆమె అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నారు. సుజాత ఫోన్ స్విచాఫ్.

జరిగింది జరిగినట్టు రాస్తాను. అప్పుడు పదిన్నర దాటింది. సుజాతకు శైలజ ఫోన్లోంచీ నా ఫోన్లోంచీ వాట్సాప్‌లో, "చాక్లెట్లు పాపకు పెట్టకండి, అందులో నెయ్యి ఉంది" అని పంపించాం. ఒక్క టిక్కే పడింది. స్కూల్లో పరీక్షలున్నాయని, టీచర్ల ఫోన్లు హెడ్మాస్టరు గదిలో పెట్టించుకుంటున్నారని ఆవిడ నిన్న చెప్పిన మాట శైలజకు అప్పుడు గుర్తొచ్చింది. ఏ స్కూలు అని అడిగాను. "అడగలేదు సార్" అన్నారు. ఏడాదిగా పంపిస్తున్నది బస్టాండు దాకానే. పాప నాన్న బెంగళూరులో పని చేస్తాడు, నంబరు లేదు. బస్సు డ్రైవరు నంబరు రెడ్డెమ్మ దగ్గరుంది. ఆయన ఎత్తాడు.

"డబ్బా ఎప్పుడో ఇచ్చేసినా గదమ్మా. ఎప్పుడూ వచ్చే ఆటో ఆయనే తీసకపోయినాడు. ఆయన నంబరు నా కాడ లేదు. నేను తిరుక్కొని వి.కోట కాడికి వస్తాండాను."

కుప్పంలో నాకు తెలిసిన విలేఖరికి ఫోన్ చేశాను. ఆయన ఊళ్లో లేడు, ఎవరినైనా కనుక్కోమంటానన్నాడు. అంబులెన్సుకు ఫోన్ చేద్దామని నంబరు నొక్కబోయి ఆగాను. ఎక్కడికి రమ్మని చెప్పాలి? కుప్పం ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్న బళ్లలో ఏదని చెప్పాలి?

"కూచోండి సార్ బండిలో" అన్నాడు చంద్రప్ప. ఇంజను అప్పటికే స్టార్ట్ చేసి ఉంది. రెడ్డెమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి వెనక సీట్లో కూర్చుంది. వద్దని ఎవరూ అనలేదు.

పుంగనూరు నుంచి పలమనేరు ముప్పై కిలోమీటర్లకు కాస్త తక్కువ. అక్కడి నుంచి వి.కోట, శాంతిపురం మీదుగా కుప్పం అరవై పైచిలుకు. మామూలుగా పోతే రెండున్నర గంటలు. ఆ దారి అందమైనదని చాలామంది రాశారు. నాకు గుర్తున్నది ఫోన్లో ఆ ఒక్క టిక్కు. పలమనేరు దాకా ప్రతి రెండు నిమిషాలకూ చూశాను. అది రెండు కాలేదు.

వెనక సీట్లోంచి రెడ్డెమ్మే మొదలుపెట్టింది.

"ఎంతుంటాది నాయనా నెయ్యిలో? ఆవగింజంత ఉంటాదా?"

"అంతకంటే తక్కువే ఉండొచ్చమ్మా."

"అంతదానికే అవుతాదా?"

"అవ్వచ్చు. అవ్వకపోవచ్చు. నాకు తెలియదు."

"తెలీదంటే ఎట్లప్పా? సదువుకున్నోడివి" అంది. కోపంగా కాదు. బతిమాలుతున్నట్టుగా.

శైలజ కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు, "అత్తనేం అనొద్దు సార్. తప్పు నాది."

"నిన్నెవరు అన్న్యారు ఇప్పుడు?" అంది రెడ్డెమ్మ.

"పలకలో కోకో వెన్న తగ్గించినా నేను. రెండు నెలల నుంచి. ధర తట్టుకోలేక. వేరే కొవ్వు కలపడం ఇష్టం లేక, ఉన్నదే తగ్గించినా. అచ్చుల దగ్గర వేసుకొమ్మని అత్తకు ఇంకొంచెం పంపుతాంటి, ఈసారి అదీ తగ్గించినా. అందుకే అది జారలేదు. నేను సరిగ్గా పంపించింటే ఈమె నెయ్యి గిన్నె జోలికి పోయేది కాదు."

"నువ్వు ఫోన్ ఎత్తింటే సాలమ్మా" అంది రెడ్డెమ్మ.

"గ్రైండరు చప్పుడులో వినపళ్లేదత్తా."

పొద్దున క్వాలిటీ తగ్గించలేదని ఆవిడ చెప్పినప్పుడు ఇంకో ప్రశ్న వేసి ఉంటే ఏమయ్యేదని ఒక్క క్షణం అనిపించింది. ఏమీ అయ్యేది కాదు, డబ్బా అప్పటికే బస్సులో ఉంది.

పలమనేరు దాటాక రోడ్డు అడవి అంచున పోతుంది. అక్కడ సిగ్నల్ పోయింది. పోయిన రెండో మైలులోనే వాహనాలు ఆగిపోయి ఉన్నాయి. ముందు ఒక లారీ, రెండు బస్సులు, బోలెడు బైకులు. రోడ్డుకు అడ్డంగా చెట్టు కొమ్మ పడేసి ఇద్దరు అటవీ శాఖ వాచర్లు నిలబడి ఉన్నారు. చంద్రప్ప దిగి కనుక్కొని వచ్చాడు.

"ఏనుగు సార్. రాత్రి దిగిన గుంపులో ఒకటి మిగిలిపోయిందంట. ఆ మామిడి తోపులో ఉండాది. అది రోడ్డు దాటేదాకా ఎవుర్నీ వదలరు."

తోపు రెండు వందల గజాల దూరంలో ఉంది. ముందు ఏమీ కనపడలేదు. తర్వాత ఒక చెట్టు కదిలింది, పక్క చెట్లు కదల్లేదు. ఆ కదిలిన చోట బూడిద రంగు గోడలాంటిది కనిపించింది. బైకుల మీది వాళ్లు బండ్లు వెనక్కి తిప్పి పెట్టుకొని నిలబడ్డారు, అవసరమైతే పారిపోవడానికి. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఇంకో రోజైతే నేను దాన్ని చూసి భయపడేవాణ్ణి. ఆ రోజు మాత్రం అది ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ నిలబడ్డాను.

శైలజ దిగి వాచర్ దగ్గరికి వెళ్లారు. "అన్నా, చిన్నపిల్ల ప్రాణం" అన్నారు.

"వదిలితే మీ ప్రాణం పోతాదమ్మా. ఆ పిల్లకెవరు చెప్తారు అప్పుడు?" అన్నాడు ఆయన. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ముప్పావుగంట ఆగాం. ఏనుగు రోడ్డెక్కి, మధ్యలో కాసేపు నిలబడి, అవతలి వైపు దిగింది. అది నిలబడినంత సేపూ రెడ్డెమ్మ చేతులు జోడించుకొని, "పో సామీ, పో తండ్రీ" అంటూనే ఉంది. కొమ్మ తీయగానే చంద్రప్ప లారీని కుడివైపు నుంచి దాటేశాడు.

వి.కోటలో సిగ్నల్ వచ్చింది. ఫోన్లో విలేఖరి మిత్రుడి మెసేజ్ ఉంది, కనుక్కున్న రెండు బళ్లలోనూ సుజాత అనే టీచరు లేదని. మా మెసేజ్ పక్కన ఇంకా ఒక్క టిక్కే. శైలజ ఆ ఫోన్ను నా చేతిలోంచి తీసుకొని బోర్లా పెట్టేశారు. ఇక చూడొద్దు సార్ అన్నారు.

కుప్పం బస్టాండుకు చేరేసరికి ఒంటిగంటన్నర దాటింది. ఆటో స్టాండులో నిలబడి నేను గట్టిగానే అడిగాను, పొద్దున పుంగనూరు బస్సులో చాక్లెట్ డబ్బా తీసుకున్నదెవరని. కాఫీ తాగుతున్న ఒకాయన చెయ్యెత్తాడు.

"సుజాత టీచరమ్మదా? నేనే సార్. దినమూ ఆమెనూ పాపనూ నేనే తీసకపోయేది. ఏం, డబ్బా మారిపోయిందా?"

"మారలేదన్నా. బడెక్కడ?"

"ఊరి బయట. పది నిమిషాలు. నా ఎనకాలే రాండి" అని గ్లాసు బెంచీ మీద పెట్టేసి ఆటో ఎక్కాడు. ఆ దారి ఆయన ఆరు నిమిషాల్లో తీసుకెళ్లాడు.

బడి గేటు దగ్గర నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం ఎలాంటిదో అర్థం కాలేదు. పరీక్ష జరుగుతున్న బడి అలాగే ఉంటుంది, ఏదైనా జరిగిపోయిన బడి కూడా అలాగే ఉంటుంది. శైలజ పరుగెత్తారు. ఒక క్లాసులోంచి కళ్లజోడు పెట్టుకున్న సన్నటి ఆవిడ చేతిలో పేపర్లతో బయటికి వచ్చింది.

"సుజాతగారూ, నేను శైలజ, మదనపల్లె. డబ్బా ఏదండీ? పాప తినిందా?"

"అయ్యో, మీరేంటి ఇక్కడ?" అని, మా ముఖాలు చూసి ఆవిడ గొంతు మారింది. "లేదు. ఇంకా పంచలేదు. ఎందుకు?"

"నిజంగా తినలేదా?"

"లేదండీ. డబ్బా వచ్చేసరికే అంతా మెత్తబడిపోయి కాయితాలకు అంటుకొని ఉంది. మీ చాక్లెట్ ఎప్పుడూ అట్లా రాలేదు. బస్సు ఇంజను మీద పెట్టినారేమో అనుకున్నా. వంటగదిలో బకెట్ నీళ్లలో పెట్టించినా, గట్టిపడితే లాంగ్ బెల్లుకు ముందు పంచుదామని. చెప్పండి, ఎందుకు?"

శైలజ చెప్పారు. రెండు వాక్యాల్లో చెప్పారు. వేరే కొవ్వు కలిస్తే మెత్తబడుతుందని పొద్దున నాకు చెప్పింది ఆవిడే. ఏ నెయ్యి వల్ల ఆ చాక్లెట్ ప్రమాదకరమైందో, ఆ నెయ్యి వల్లే అది కరిగి, పాప నోటి దాకా పోకుండా బకెట్‌లో ఆగింది. మేమెవరమూ దాన్ని ఆపలేదు.

సుజాత తన కుడిచేతి వేళ్ల వైపు చూసుకుంది. తర్వాత పేపర్లు అక్కడే వదిలేసి వరండా చివరి క్లాసుకు పరుగెత్తింది. ఎందుకో మాకు తెలియలేదు. వెంట వెళ్లాం. పాపను చెయ్యి పట్టి బయటికి తీసుకొచ్చింది. కొత్త గౌను, రెండు జడలు, ఫోటోలోని పాపే. ఎడమ చెంప మీద నాలుగు ఎర్రటి చారలు ఉబ్బి ఉన్నాయి. ఎవరో కొట్టినట్టు, నాలుగు వేళ్లూ విడివిడిగా.

"దురదగా ఉండాదమ్మా. పరీక్షలో లేవకూడదని చెప్పలేదు" అంది మేఘన.

జరిగింది ఇదట: అన్నం బెల్లులో సుజాత డబ్బా మూత తీసి చాక్లెట్ గట్టిపడిందా అని వేలితో నొక్కి చూసింది. చేతికి అంటింది. కొంగుకు తుడుచుకొని, జడ ఊడిపోయిన పాపను పిలిచి రిబ్బను కట్టి, చెంప మీద తట్టి క్లాసుకు పంపింది. అంతే జరిగింది. నోట్లోకి పోలేదు, చర్మానికి తగిలింది. తుడిచేసిన చేతిలో మిగిలింది ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

సుజాత చేతులు సబ్బుతో కడుక్కొని, పాప ముఖం కడిగి, హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండే మందు తీసి తాగించింది. ఇంజెక్షన్ సూది పెట్టె చేతిలోనే పట్టుకుంది. అందరం చంద్రప్ప కారులో ఆసుపత్రికి వెళ్లాం. దారిపొడవునా ఆవిడ పాపను ఒకే ప్రశ్న అడుగుతూ ఉంది: "మింగు. ఉమ్ము మింగు. నొప్పుందా?" పాప ప్రతిసారీ మింగి, లేదని తల ఊపింది. పలమనేరు అడవి దగ్గర ఆగిన ముప్పావుగంట కంటే ఆ కాసిన్ని నిమిషాలే నాకు ఎక్కువ అనిపించాయి.

డాక్టరు చూసి, గొంతులో వాపు లేదు, సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి అన్నారు. గంట గడిచేసరికి చారలు పలచబడ్డాయి. అప్పుడు చూస్తే రెడ్డెమ్మ వార్డులో లేదు. బయట కుళాయి దగ్గర ఉంది. ఎక్కడిదో సబ్బు ముక్క పట్టుకొని మోచేతుల దాకా రుద్దుకుంటోంది. కడిగిన చేతులే మళ్లీ కడుగుతోంది.

"రండమ్మా, పాప బాగుంది. చూద్దురు" అన్నాను.

వాకిలి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. మేఘన ఆమెను చూసి, "ఈ అవ్వేనా చాక్లెట్ చేసేది? అవ్వా, దా" అని చెయ్యి చాపింది. రెడ్డెమ్మ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నేను రాను తల్లీ. దినమూ పాలు పితికే సేతులివి. ఎంత కడిగినా నాకే నమ్మకం లేదు."

శైలజ ఏదో అనబోయి, "వచ్చే నెల..." అని మొదలుపెట్టారు. "ఇప్పుడొద్దండీ. ఇప్పుడేమీ చెప్పొద్దు" అంది సుజాత. కటువుగా ఏమీ లేదు. పాప చెంప మీది చివరి చార మాసిపోతుందా లేదా అని చూస్తూ అంది.

చీకటి పడకముందే అడవి దాటించాలని చంద్రప్ప తొందరపెట్టాడు. తిరుగు దారిలో ఏనుగు నిలబడిన చోట రోడ్డు మీద పిండి అయిన కొమ్మలు తప్ప ఏమీ లేవు. శైలజ ఇప్పుడు అచ్చులు మదనపల్లెలోనే పోస్తున్నారు, ఏసీ పెట్టించారు, కోకో వెన్న మళ్లీ మునుపటి పాళ్లకు తెచ్చి ధర పెంచారు. కుప్పం నుంచి ఆర్డరు ఇంకా రాలేదు. నేను వెళ్లింది మంచి చాక్లెట్‌కూ చవక చాక్లెట్‌కూ తేడా రాయడానికి. తేడా పొద్దున నాకు శైలజ చూపించిందే: అందులో ఏ కొవ్వుందో అది విరిగే తీరే చెప్పేస్తుంది. కానీ అది విరిచి చూసేవాడికి మాత్రమే చెప్తుంది. ఆ డబ్బాలో ఉన్నది చెడ్డ నెయ్యి కాదు, అది పోసినది చెడ్డ మనిషి కాదు. ఆమె తన దగ్గరున్న వాటిల్లో మంచిదే వేసింది. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే. చెడు ఉద్దేశాన్ని పసిగట్టడం నా వృత్తి నాకు నేర్పింది, దీన్ని పసిగట్టడం నేర్పలేదు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒకే సూచన. మీకో, మీ పిల్లలకో పాలు పడకపోతే, హోటల్లోనైనా ఎవరి ఇంట్లోనైనా "పాలు పడవు" అని ఊరుకోకండి. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, మీగడ, నెయ్యి అని ఒక్కొక్క పేరూ చెప్పండి. నెయ్యి అన్నప్పుడు అవతలి మనిషి ముఖం చూడండి. "నెయ్యి కూడానా?" అని అడిగితే, ఆ వంటగదిలోకి వెళ్లి గరిటె ఏ గిన్నెలో ఉందో మీ కళ్లతో చూసుకున్నాకే తినండి.